కరవు ఏడాదిని తట్టుకునే ఊరు: మెట్ట గ్రామాల ఆర్థిక స్థైర్యానికి అంచెలవారీ మార్గదర్శి

మెట్ట గ్రామంలో కష్టాలు ఒకటొకటిగా రావు. వాన మొహం చాటేస్తే పంట పోతుంది, పంట పోతే కూలిపని ఉండదు, కూలి లేనప్పుడు కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతుంది. మేత దొరక్క జీవాలను సంతకు తోలితే, చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా అదే వారం అదే సంతకు తోలి ఉంటారు కాబట్టి ధర సగానికి పడిపోతుంది. ఆపదలో చేబదులు ఇచ్చే పొరుగువాడు కూడా అదే వానను నమ్ముకున్నవాడే అయినందువల్ల అతని చెయ్యీ ఖాళీగానే ఉంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ 1975 నుంచి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు వంటి గ్రామాల్లో ఇంటింటి ఆదాయ వ్యయాలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. మెట్ట సేద్యపు రిస్కు ఊరందరినీ ఒక్కసారే తాకుతుందని, అందువల్ల ఊరి లోపలి సర్దుబాట్లు మాత్రమే చాలవని గ్రహించడానికి ఇటువంటి అధ్యయనాలు ఎంతో తోడ్పడ్డాయి.

కాబట్టి ఆర్థిక స్థైర్యం అంటే ఇక్కడ ఒక నిర్దిష్టమైన అర్థం చెప్పుకోవాలి. ఒక ఇంటి రాబడులు, నిల్వలు, అప్పులు మూడూ ఒకే వాన మీద వేలాడకుండా ఉండే స్థితికి చేరడమే అది. ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఉమ్మడి అనంతపురం జిల్లాను ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ ఒక్కటే సాగైన ఆ నేల, అంతా ఒకే పంట మీద ఆధారపడితే ఏమవుతుందో చాలాసార్లు చూపించింది. పాలమూరు, ప్రకాశం పశ్చిమ మండలాలు, కర్నూలు మెట్ట గ్రామాలవారు తమ నేలకు, తమ పంటలకు తగ్గట్టు అంకెలు మార్చుకుంటే సరిపోతుంది. ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యల నాయకులు, పంచాయతీ బాధ్యులు, రైతు సంఘాల్లో పనిచేసే యువకులు తమ ఊళ్లో రెండు మూడేళ్లలో చేయగలిగిన పనినే ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ఆ వరుసకు ఒక కారణం ఉంది. మన ప్రాజెక్టులు చాలావరకు చివరి అంచెతో, అంటే పచ్చళ్ల యూనిటో, కుట్టుమిషన్ల కేంద్రమో తెరవడంతో మొదలవుతాయి. మూడు రూపాయల వడ్డీ కడుతున్న ఇంటికి కొత్త రాబడి చూపించడం ఓటికుండలో నీళ్లు పోయడమే. ముందు అప్పు, తర్వాత నిల్వ, ఆ తర్వాత నీరు, పంట, అమ్మకం, అన్నిటికన్నా చివర వ్యాపారం అన్న క్రమాన్ని తలకిందులు చేయకూడదు.

మొదటి అంచె: ఊరి జమాఖర్చు రాయడం

ఎవరికి ఎన్ని ఎకరాలున్నాయో రికార్డుల్లో ఉంటుంది. ఏ నెలలో ఎవరి చేతిలో డబ్బు ఉండదో మాత్రం ఏ రికార్డులోనూ ఉండదు. అందుకే మొదట వేయవలసినది నెలల పట్టిక. సంఘం మహిళలు పది పదిహేనుమంది రచ్చబండ దగ్గర కూర్చుని, నేల మీద ముగ్గుపిండితో పన్నెండు గళ్లు గీసి, ప్రతి గడిలో ఆ నెల వచ్చే డబ్బుకు చింతగింజలు, పోయే డబ్బుకు గులకరాళ్లు పెట్టాలి. చదువుతో నిమిత్తం లేకుండా అందరూ మాట్లాడగలిగే పద్ధతి ఇది. వేరుశనగ పండించే ఊళ్లో ఈ పట్టిక దాదాపు ఒకే రూపంలో తేలుతుంది. నవంబరు, డిసెంబరు గళ్లలో గింజలు కుప్పగా ఉంటాయి. జూన్ గడిలో విత్తనాలు, ఎరువులు, బడి ఫీజులు, పుస్తకాలు అన్నీ కలిసి రాళ్లే మిగులుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో కలుపు కూలి తప్ప మరో ఆధారం కనిపించదు. భూమి లేని ఇళ్లకు, కౌలు రైతులకు, ఒంటరి మహిళల కుటుంబాలకు ఈ పట్టికను విడివిడిగా వేయాలి, ఎందుకంటే పదెకరాల రైతు గడులనూ వాళ్ల గడులనూ కలిపి సగటు తీస్తే ఆ సగటు ఎవరి బతుకునూ చూపించదు.

రెండవది అప్పుల పట్టిక. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది బహిరంగంగా అడగరాదు. ఒక్కొక్క సంఘంలో పేర్లు లేకుండా చీటీల మీద అప్పు మొత్తం, వడ్డీ రేటు, తెచ్చిన కారణం మాత్రం రాయించి కలిపితే చాలు. బ్యాంకు, సంఘం, ఫైనాన్సు కంపెనీ, ఎరువుల కొట్టు, మండీ వ్యాపారి, బంగారం తాకట్టు, ఫోన్ యాప్ అన్నవి విడివిడి గడులుగా ఉండాలి. కారణాల గడిని తేలిగ్గా తీసుకోకూడదు. చాలా ఊళ్లలో వైద్యం, ఎండిపోయిన బోర్లు, పెళ్లిళ్లు అన్న మూడు మాటలు పదేపదే కనిపిస్తాయి.

మూడవది ఊరి నుంచి బయటికి పోయే డబ్బు. విత్తనం, ఎరువు, పురుగుమందు, వంటనూనె, కందిపప్పు, పశువుల దాణా, ట్రాక్టరు బాడుగ, మద్యం అన్నిటికీ ఏడాదికి ఊరు మొత్తం ఎంత ఖర్చు చేస్తోందో ఉజ్జాయింపుగా రాయాలి. వేరుశనగ పండించే ఊరు ప్యాకెట్ల నూనె కొంటున్న సంగతి అప్పుడు అంకెల్లో కనబడుతుంది. మద్యం గడిని సిగ్గుపడి ఖాళీగా వదిలేసే ఊళ్లున్నాయి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాకు పోతున్న డబ్బు గురించి నోరు విప్పినందువల్లే సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది, ఆ తర్వాత అదే జిల్లాలో పొదుపు ఉద్యమం పాదుకుంది.

ఈ మూడు పట్టికలనూ ఒక పుస్తకంలోకి ఎక్కించి గ్రామ సమాఖ్య దగ్గర ఉంచాలి, ఏటా ఉగాది తర్వాత మళ్లీ వేయాలి.

రెండవ అంచె: ఖరీదైన అప్పును చవకైన అప్పుగా మార్చడం

మన పల్లెల్లో వడ్డీని నెలకు నూటికి ఎన్ని రూపాయలని చెప్పుకుంటాం కాబట్టి అది చిన్నదిగా వినిపిస్తుంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. యాభై వేల అప్పుకు మూడు రూపాయల చొప్పున నెలకు 1,500, ఏడాదికి 18,000 రూపాయలు వడ్డీకే పోతాయి. అదే మొత్తాన్ని రూపాయి వడ్డీకి సంఘం నుంచి తెచ్చి పాత బాకీ తీర్చితే ఏడాదికి 6,000 అవుతుంది. ఆ ఇంటికి కొత్త పంట, కొత్త ఉద్యోగం ఏదీ లేకుండానే ఏటా 12,000 మిగిలాయి. ఇంత తక్కువ కష్టంతో ఇంత మిగిల్చే పథకం మరొకటి నాకు తెలియదు.

ఇందుకు సంఘాలు బలంగా ఉండాలి. వారం వారం సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వసూలు, ఎప్పటికప్పుడు పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు రెండు తెలుగు రాష్ట్రాల సంఘాలకూ తెలిసినవే. వీటిలో ముందుగా కుంటుపడేది పుస్తకాల నిర్వహణే. బ్యాంకు రుణం వచ్చిన రోజే సభ్యులందరూ సమానంగా పంచుకుని వెళ్లిపోయే అలవాటు చాలా సంఘాల్లో ఉంది. అది న్యాయంగా కనబడుతుంది గానీ, అవసరం లేనివారి చేతికి వెళ్లిన డబ్బు తిరిగి అవసరం ఉన్నవారికే ఎక్కువ వడ్డీకి చేరుతుంది. అప్పుల పట్టికను ముందు పెట్టుకుని, మొదటి విడత రుణాన్ని అత్యధిక వడ్డీ కడుతున్నవారి పాత బాకీలు తీర్చడానికే ఇవ్వాలని తీర్మానం రాయాలి. ఆ డబ్బును సభ్యురాలి చేతికి కాకుండా సంఘం నాయకుల సమక్షంలో అప్పిచ్చినవారికే చెల్లించి, ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవాలి. నోటు చేతికి రాకపోతే బాకీ తీరనట్టే లెక్క. అత్యవసరానికి, మహిళా సంఘాలకు అప్పులిచ్చేందుకు 2011లో ఏర్పడిన స్త్రీనిధి సంస్థ రుణాలనూ, మహిళా సమాఖ్యల సొంత నిధినీ ఉపయోగించుకోవచ్చు.

పంట రుణాన్ని గడువులోగా చెల్లించే రైతుకు కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీతో నికర వడ్డీ 4 శాతానికి దిగుతుంది. అందువల్ల నవంబరులో చేతికొచ్చిన డబ్బుతో ముందు ఏ బాకీ తీర్చాలో సంఘంలోనే లెక్క వేసి చెప్పాలి. కౌలు రైతుకు భూమి పత్రం ఉండదు కాబట్టి బ్యాంకు తలుపు తెరుచుకోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం తీసుకోవడం ఒక దారి. నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి నాబార్డు నమూనాలో, ఒకరి అప్పుకు అందరూ పూచీపడే ఉమ్మడి బాధ్యత బృందంగా ఏర్పడడం మరొక దారి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల సంక్షోభం వాటిని కట్టడి చేసే ఆర్డినెన్సు దాకా వచ్చిందంటే, ఎందరో మహిళలు ఒకదాని బాకీ తీర్చడానికి మరొకదాని దగ్గర అప్పు తీసుకుంటూ నాలుగైదు చోట్ల ఇరుక్కుపోవడం వల్లే. నేడు అదే వలయం ఫోన్ యాప్‌ల రూపంలో తిరిగి వస్తోంది. బాకీ తీర్చడానికి కొత్త రుణం ఇచ్చేటప్పుడు ఆ సభ్యురాలు ఏడాదిపాటు బయట అప్పు చేయనని సంఘానికి మాట ఇవ్వాలి, ఆపదొస్తే సంఘమే ఆదుకుంటుందని సంఘం ఆమెకు మాట ఇవ్వాలి. రెండవ మాట లేకుండా మొదటి మాట నిలవదు.

మూడవ అంచె: డబ్బు నిధి, గింజ నిధి, బీమా

ఆపద నిధిని రోజువారీ అంతర్గత అప్పుతో కలపకూడదు. గ్రామ సమాఖ్య స్థాయిలో వేరే బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి సభ్యురాలి నుంచి నెలకు చిన్న మొత్తం, పంట అమ్మిన నెలలో దానికి కొన్ని రెట్లు జమ చేయించాలి. రెండు వందలమంది సభ్యులు నెలకు ముప్ఫై చొప్పున వేసినా ఏడాదికి 72,000 రూపాయలవుతుంది. దాన్ని ఎవరికి, దేనికి, ఎంతలోపు, ఎన్ని గంటల్లో ఇవ్వాలో ముందే రాసి ఉండాలి. రాత్రి పదింటికి పురిటినొప్పులతో ఆటో ఎక్కవలసిన కుటుంబానికి మరుసటి వారం సమావేశంలో మంజూరయ్యే అప్పు ఎందుకూ కొరగాదు. అయిదు వేల దాకా ఇద్దరు నాయకుల సంతకంతో అప్పటికప్పుడు ఇచ్చి, తర్వాతి సమావేశంలో లెక్క చెప్పే నిబంధన పెట్టుకోవడం మంచిది.

గింజ నిధి విలువ కరవు ఏడాదిలోనే తెలుస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల నడుమ చేసిన ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. బీడు పడిన భూములను సాగులోకి తెచ్చుకోవడానికి రైతులకు డబ్బు సాయం అందించి, దాన్ని జొన్నల రూపంలో విడతలుగా తిరిగి తీసుకుని, ఆ గింజలను ఊళ్లోనే నిల్వచేసి, కరువు నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదవారో ఊరివాళ్లే నేల మీద పటం గీసి తేల్చారు. బీడు సాగైంది, కూలిపని దొరికింది, తిండిగింజ ఊళ్లోనే ఉండిపోయింది. చిన్న స్థాయిలో మొదలుపెట్టాలనుకునే ఊరు నూర్పిడి సమయంలో ఇంటికో కుంచం కొర్రలో, జొన్నలో సేకరించి, బాగా ఎండబెట్టి, వేపాకు కలిపి గాదెలో పోసి, ఆగస్టులో అప్పుగా ఇచ్చి, పంట రాగానే కొంచెం కలిపి తిరిగి తీసుకోవచ్చు.

బీమాల్లో అన్నిటికన్నా చవకైనవి రెండు. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా బ్యాంకు ఖాతా ద్వారా దొరుకుతాయి. మొదటిది 18 నుంచి 70 ఏళ్లవారికి, రెండవది 18 నుంచి 50 ఏళ్ల మధ్య చేరేవారికి. ఇవి జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి కాబట్టి, మే నెలాఖరున ప్రీమియం కోత పడేనాటికి ఖాతాలో ఆ మొత్తం ఉండేలా సంఘం గుర్తుచేయాలి. ఆధార్‌లో, ఖాతాలో పేరు ఒకే తీరుగా ఉందో లేదో, నామినీ పేరు రాశారో లేదో అప్పుడే చూడాలి. పాముకాటు మరణాల్లో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా నాటువైద్యంతో సరిపెట్టి అంత్యక్రియలు చేసేస్తే మరణ కారణానికి ఆధారం ఉండదు, క్లెయిము నిలవదు. ఇది ఊరందరికీ ముందే తెలియాలి, ప్రాణం నిలవడానికైనా ఆసుపత్రే దారి.

పంట బీమా సంగతి వేరు. నష్టాన్ని మీ పొలంలో కాకుండా ఒక ప్రాంతం మొత్తానికి లెక్కగడతారు కాబట్టి, మీ చేను ఎండినా ఆ ప్రాంతపు దిగుబడి బాగుంటే పరిహారం రాదు. రాష్ట్రం ఆ సీజనులో ఏ పథకం అమలు చేస్తోందో, గడువు తేదీ ఏదో తెలుసుకుని చేరాలి గానీ, దాన్నే నమ్ముకుని నిధులు మానకూడదు.

నాలుగవ అంచె: నీటి బడ్జెట్

మెట్ట ఊళ్ల అప్పుల్లో పెద్ద భాగం భూమి కింద పాతిపెట్టి ఉంటుంది. ఒక బోరు ఎండితే రెండవది, రెండవది విఫలమైతే మూడవది వేసి, చివరకు పొలమే అమ్ముకున్న కుటుంబాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. పక్కవాడు మూడు వందల అడుగులకు వెళ్తే మనం అయిదు వందలకు వెళ్లడం వల్ల ఊరికి ఒక్క చుక్క కొత్త నీరు రాదు, అదే నీటిని ఒకరి నుంచి మరొకరు లాక్కుంటారంతే. ఉమ్మడి రాష్ట్రంలో కరవు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం ఇందుకు ఒక సులువైన సాధనాన్ని రైతుల చేతికిచ్చింది. అదే పంట నీటి బడ్జెట్.

లెక్క ఇలా వేయాలి. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 4,047 లీటర్లు. 550 మిల్లీమీటర్లకు దాదాపు 22 లక్షల లీటర్లు. వెయ్యి ఎకరాల ఊరికి అది 222 కోట్ల లీటర్లు. గట్టి రాతి నేలల్లో ఇందులో సుమారు పదో వంతే భూగర్భంలోకి చేరుతుందనుకుంటే, ఏడాదికి ఊరి వాటా 22 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున జనానికి, ఆపైన పశువులకు కలిపి మూడు కోట్లు పక్కన పెడితే సాగుకు మిగిలేది 19 కోట్లు. ఒక పంట కాలంలో ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లకు పైగా కావాలి. ఆ లెక్కన ఊరంతటికీ పండేది 39 ఎకరాల వరి మాత్రమే. అదే నీటితో 500 మిల్లీమీటర్లు చాలే వేరుశనగను 94 ఎకరాల్లో పండించవచ్చు, చిరుధాన్యాలైతే ఇంకా ఎక్కువ. ఈ అంకెలను పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించి, అక్టోబరులో రబీ పంటలు నిర్ణయించుకునే ముందు ఊరందరితో చదివించాలి. వరి వేయవద్దని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు, గోడే చెబుతుంది.

ఇందుకు ఊళ్లో ఒక వానమాపకం, బోర్ల నీటిమట్టం కొలిచే తాడు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. మండల కేంద్రంలో నమోదైన వాన మీ ఊళ్లో పడి ఉండకపోవచ్చు. బడిపిల్లల్లో ఇద్దరికి రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచే బాధ్యత ఇస్తే పెద్దలకన్నా నియమంగా చేస్తారు.

తర్వాతి పని వాననీటిని పొలంలోనే ఆపడం. పదిమీటర్ల పొడవు, పదిమీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు ఉన్న నీటికుంటలో గట్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మూడు లక్షల లీటర్లు పట్టవు, అందులో సగం కాస్త అటూఇటూ పడుతుంది. ఎకరానికి 20 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి 81 వేల లీటర్లు కావాలి. అంటే నిండిన కుంటతో రెండెకరాలకు ఒక తడి. చూడడానికి అల్పంగా ఉన్నా, వేరుశనగ ఊడలు దిగే దశలో ఇరవై రోజుల బెట్ట వచ్చినప్పుడు పంట దక్కడానికీ పోవడానికీ మధ్య తేడా ఆ ఒక్క తడిలోనే ఉంటుంది. కుంటలు, కందకాలు, రాతికట్టలు, చెరువు పూడికతీత వంటి పనులకు ఉపాధి హామీ నిధులే ప్రధాన ఆధారంగా నిలిచాయి. ఆ పథకాన్ని దేశంలో 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రస్తుత పనుల జాబితాను మండల కార్యాలయంలో కనుక్కుని, మీ ఊరికి కావలసిన పనులను సర్వే నంబర్లతో సహా గ్రామసభ తీర్మానంలో రాయించాలి. సర్వే నంబరు లేని పని ఎక్కడో ఒకచోట గుంతగా మారుతుంది.

అన్నిటికన్నా కష్టమైనదీ, అన్నిటికన్నా ఫలితమిచ్చేదీ బోర్ల ఉమ్మడి వాడకం. బోరున్న రైతులు పక్కనున్న మెట్ట రైతుల చేలకు బెట్ట సమయంలో ఒకటి రెండు తడులు ఇస్తారు, బదులుగా ఆ మెట్ట రైతులు నిర్ణీత కాలం వరకు కొత్త బోరు వేయమని రాసిస్తారు. పైపులైను ఖర్చు ప్రభుత్వ పథకాల నుంచో, సంఘం నిధి నుంచో సమకూరుతుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని ఊళ్లు ఈ ఒప్పందాన్ని నడిపి చూపించాయి. బోరు యజమాని దీనికి ఒప్పుకోవడం దయతో కాదు. పక్క పొలంలో కొత్త బోరు పడితే తన బోరు ఎండుతుందన్న లెక్క అతనికి బాగా తెలుసు, మాటలు మొదలుపెట్టవలసినది అక్కడి నుంచే.

అయిదవ అంచె: పంటల కూర్పు, విత్తనం

వేరుశనగను మానేయమని చెప్పడం తేలిక, రైతు మానడు, మానవలసిన పని కూడా లేదు. సాళ్ల మధ్య కంది, గట్ల మీద ఆముదం, అక్కడక్కడ అలసంద, ఒక మూల కొర్ర, సజ్జ ఉంటే ఆగస్టు బెట్టకు వేరుశనగ దెబ్బతిన్నా అక్టోబరు వానకు కంది నిలుస్తుంది. కంది వేళ్లు లోతుకు పోతాయి, పైగా పంటకాలం పొడవు. ఒకే వానకు రెండు పంటలూ తలవంచకుండా ఉండడమే ఇందులోని సూత్రం. ఎకరం పూర్తిగా మార్చమనకుండా, మొదటి ఏడాది ప్రతి రైతూ అర ఎకరంలో ఇంటి తిండికోసం ఇలా వేయాలని తీర్మానించుకుంటే పప్పు, గింజల కొనుగోలు ఖర్చు తగ్గడం ఆ ఏడాదే తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ రైతులు తొలకరికి ముందే నవధాన్యాలను విత్తి, నేల ఖాళీగా ఎండకుండా చూసే పద్ధతిని పాటిస్తున్నారు. దగ్గర్లో చేస్తున్నవారి పొలం చూసివచ్చి ప్రయత్నించడం మేలు.

విత్తనం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వేరుశనగ సాగు ఖర్చులో అదే పెద్దది. ఎకరానికి సుమారు 60 కిలోల గింజలు కావాలి. నూరు కిలోల కాయ ఒలిస్తే 65 నుంచి 70 కిలోల గింజ వస్తుంది కాబట్టి ఎకరానికి దాదాపు 90 కిలోల కాయ పక్కన పెట్టాలి. నవంబరులో బాకీల ఒత్తిడికి అంతా అమ్మేసిన రైతు జూన్‌లో అదే విత్తనాన్ని అరువుకు, ఎక్కువ ధరకు కొంటాడు. ఆ రెండు ధరల తేడా, దాని మీద అయిదు నెలల వడ్డీ కలిసి ఆ ఏటి లాభాన్ని ముందే తినేస్తాయి. అందుకే గ్రామ విత్తన నిధి నవంబరులోనే పని మొదలుపెట్టాలి. మంచి చేను ఎంచుకుని, కాయల్లో తేమ 8, 9 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, కాయలుగానే నిల్వచేయాలి. గింజలుగా ఒలిచి దాస్తే మొలకశక్తి త్వరగా పోతుంది. మూటలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చి, పుచ్చు పురుగు కోసం నెలకోసారి విప్పి చూడాలి. మే నెలలో తడిగుడ్డలో నూరు గింజలు చుట్టి ఎన్ని మొలిచాయో లెక్కించాకే పంపిణీ చేయాలి. విత్తనం దాచుకునే రైతుకు నవంబరు బాకీల కోసం నగదు కావాలి కదా అంటే, ఆ నిల్వ మీదే సంఘం నుంచి రుణం ఇవ్వవచ్చు. రెండవ అంచె ముందుగా ఎందుకు రావాలో ఇక్కడ తెలుస్తుంది.

ఆరవ అంచె: జీవాలు

గొర్రెలు, మేకలు, నాటుకోళ్లు మెట్ట ఊరికి నడిచే బ్యాంకు ఖాతాలు. అయితే కరవులో అందరూ ఒక్కసారే అమ్మితే ఖాతా విలువ పడిపోతుందని ముందే చెప్పుకున్నాం. దానికి విరుగుడు మేత. వేరుశనగ కట్టెను నూర్పిడి సమయంలోనే లారీలకు అమ్మేయకుండా కొంత వాములుగా వేయడం, గట్ల మీద సుబాబుల్, అవిశ పెంచడం, ఆగస్టు నెలాఖరుకు వానల తీరు చూసి అమ్మవలసిన పొట్టేళ్లను ఇతరులకన్నా నెల ముందే అమ్మడం అన్న మూడూ పాటిస్తే చాలు. వానలకు ముందు చిటుకు రోగానికి, పశువైద్యులు చెప్పిన సమయంలో పారుడు రోగానికి టీకాలు వేయించాలి. మంద మొత్తానికీ ఒకేరోజు వేయిస్తేనే ప్రయోజనం.

ఏడవ అంచె: కలిసి అమ్మడం

రైతు ఉత్పత్తిదారుల సంఘం అనగానే కంపెనీ రిజిస్ట్రేషన్ గుర్తుకొస్తుంది. అది తర్వాతి మాట. ముందు ఒక ఎలక్ట్రానిక్ కాటా, ఒక తేమ కొలిచే యంత్రం కొనాలి. నలభై కిలోల మూటకు రెండు కిలోల తరుగు తీస్తే నూటికి అయిదు కిలోలు పోయినట్టే, దాని పైన హమాలీ, కమీషన్ వేరుగా ఉంటాయి. ఊళ్లోనే తూచి, తేమ చూసి, నూరు కిలోల కాయకు ఎంత గింజ వస్తుందో ఒలిచి చూపించి, ముగ్గురు వ్యాపారులను పిలిచి బేరం పెడితే తరుగు మాట దానంతటదే తగ్గుతుంది. ఇరవైమంది రైతుల సరుకు ఒకచోట చేరితే లారీ నిండుతుంది, నిండిన లారీ కోసం వ్యాపారే మన ఊళ్లోకి రాగలడు.

మండీ వ్యాపారి దగ్గర పెట్టుబడికి అప్పు తెచ్చిన రైతు పంటను అతనికే ఇవ్వక తప్పదు కాబట్టి, అప్పుల పట్టికలో ఆ గడి ఖాళీ అయిన రైతులతోనే ఉమ్మడి అమ్మకం మొదలుపెట్టాలి. ధర బాగా లేనప్పుడు గిడ్డంగిలో నిల్వచేసి రసీదు మీద బ్యాంకు రుణం తీసుకునే వీలూ ఉంది. దాన్ని అందరికీ సలహా ఇవ్వను. నిల్వ అద్దె, వడ్డీ, తరుగు కలిపి లెక్కవేసి, గత కొన్నేళ్లలో ధర ఆ మేరకు పెరిగిందో లేదో మార్కెట్ యార్డు రికార్డుల్లో చూసుకున్నాకే దిగాలి.

సంస్థగా నమోదు చేసుకునేటప్పుడు 1995 పరస్పర సహాయ సహకార చట్టమా, పదిమంది ఉత్పత్తిదారులతో ఏర్పాటుచేసుకోగల ఉత్పత్తిదారుల కంపెనీయా అన్నది సభ్యుల చదువు, లెక్కల సామర్థ్యం చూసి తేల్చుకోవాలి. కంపెనీకి ఏటా దాఖలు చేయవలసిన పత్రాలు ఎక్కువ, మరచిపోతే జరిమానాలు పడతాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో 1956లో మొదలైన ముల్కనూరు సహకార బ్యాంకు అప్పు, ఎరువు, విత్తనం, ధాన్యం అమ్మకం అన్నిటినీ ఒకే చూరు కిందికి తెచ్చి నిలబడింది. అప్పిచ్చిన సంస్థే పంట అమ్మిపెడుతుంది కాబట్టి వసూలుకు విడిగా ఎవరి గడపా తొక్కనక్కర్లేదన్నది అక్కడ గమనించదగ్గ విషయం.

ఎనిమిదవ అంచె: ఊరి వ్యాపారం, వలస ఆదాయం

ఇప్పుడు వ్యాపారం మాట. ఊరి నుంచి బయటికి పోయే డబ్బు పట్టికలో మొదటి మూడు గడులే మీ మొదటి మూడు వ్యాపారాలు. వాటికి కొనేవారు ఊళ్లోనే ఉన్నారు, ప్యాకింగు, ప్రచారం అక్కర్లేదు. నూనె గానుగ పెట్టాలనుకుంటే నూరు కిలోల గింజకు సుమారు 40 కిలోల నూనె, మిగతాది పశువులకు పనికొచ్చే చెక్క. చెక్క అమ్మకం లేకుండా లెక్క కుదరదు. బెట్టకు గురైన పంటలో బూజు విషం చేరే ప్రమాదం ఎక్కువ కాబట్టి ముడుచుకున్న, రంగు మారిన గింజలను ఏరి పారేయాలి, పశువులకు కూడా పెట్టకూడదు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మొదటి సీసా అమ్మకముందే తీసుకోవాలి.

వలసను ఓటమిగా చూడడం మానాలి. బెంగళూరు వెళ్లి పంపే డబ్బు మన ఊరి వాన మీద ఆధారపడనిది, అందువల్లే విలువైనది. గ్రామ సమాఖ్య వలస వెళ్లేవారి పేర్లు, మేస్త్రీ వివరాలు, పనిచోటు రాసిపెట్టుకోవాలి, అడ్వాన్సు మొత్తం కాగితం మీద ఉండేలా చూడాలి, ఇంట్లో మిగిలిన ముసలివాళ్ల రేషన్, పింఛను, పిల్లల బడి ఆగకుండా ఒకరికి బాధ్యత అప్పగించాలి.

కరవు ఏటి కోసం ముందే రాసుకోవలసిన తేదీలు

ఏ నిధినైనా ఎప్పుడు తెరవాలన్న తగవు కరవులో మొదలైతే తెగదు. అందుకే వాన బాగున్న ఏడాదిలోనే తేదీలు, గుర్తులు రాసుకోవాలి. జులై నెలాఖరుకు పదును వాన పడకపోతే విత్తన నిధి వేరుశనగ పంపిణీ ఆపి, దాచిన కాయలో కొంత అమ్మి ఉలవ, అలసంద, కొర్ర విత్తనం తేవాలి. ఆగస్టు మధ్యకు కూడా పదును దొరకకపోతే వేరుశనగ ఆశ వదిలి, వాన పడినప్పుడు ఉలవ, మేత జొన్న వేయాలి. అదే వారంలో ఉపాధి పనుల కోసం గ్రామసభ పెట్టి, ఎంతమందికి ఎన్నాళ్ల పని కావాలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆగస్టు నెలాఖరుకు వాన సగటులో సగానికి దిగితే పొట్టేళ్ల ముందస్తు అమ్మకం, సెప్టెంబరులో గింజ నిధి పంపిణీ మొదలవుతాయి. పంపిణీ వరుస భూమి లేనివారితో, ఒంటరి మహిళలతో ఆరంభం కావాలి. అక్టోబరు నీటి బడ్జెట్‌లో తాగునీటికి పక్కన పెట్టే మూడు కోట్ల లీటర్లకు లోటు తేలితే ఆ రబీకి బోర్ల కింద వరి ఒక్క ఎకరం కూడా ఉండదని ముందే తీర్మానించి ఉండాలి. సంఘం రుణాల వాయిదాలను అందరికీ ఒకేలా వాయిదా వేయకుండా, బయటి ఆదాయం ఉన్నవారు మామూలుగా కట్టాలని, పంట మీదే ఆధారపడినవారికి మాత్రం వడ్డీ కట్టించుకుని అసలు తర్వాతి పంటకు జరపాలని రాసుకోవాలి. ఏ నిధిని తెరిచినా, తిరిగి ఎన్ని పంటల్లో, ఇంటికెంత చొప్పున నింపాలో తెరిచిన రోజునే అదే పేజీలో రాసి సంతకాలు తీసుకోవాలి.